పోయేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మిట్ట

కుళ్ళాయప్ప కాలు ఒక్కచోట నిలవదన్న సంగతి ఊరంతటికీ తెలుసు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి గొర్రెల దొడ్డి దాకా వెళ్ళొస్తాడు. కళ్యాణదుర్గం బస్సు రావడానికి ఇంకా అరగంట ఉందంటే ఆ అరగంటా నిలబడలేక పక్క ఊరి స్టాపు దాకా నడుస్తాడు, అక్కడా నిలబడలేక వెనక్కి తిరుగుతాడు, ఆ మధ్యలో బస్సు అతని పక్కనుంచే దుమ్ము రేపుకుంటూ పోతుంది. పెళ్ళిచూపుల నాడు కుదురుగా కూర్చోలేక మూడుసార్లు వాకిట్లోకి పోయాడని, పిల్ల చూసింది ఇతని వీపునేనని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

అంతటి తిరుగుబోతు కాళ్ళున్న మనిషి నలభై తొమ్మిదేళ్ళలో బెంగుళూరు దాటింది లేదు. దాటింది అతని భార్య చిన్నక్క. కూర్చుంటే కూర్చున్నచోటే పూటంతా చింతపండు గింజలు తీయగల మనిషి, పక్క వీధికి పోవాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషి, విమానమెక్కి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయి నాలుగేళ్ళయింది. దేవుడు కాళ్ళు ఒకరికిచ్చి ప్రయాణం ఇంకొకరికి రాశాడు.

రెండు బోర్లూ ఎండిపోయిన ఏడాది, కూతురు సుష్మ అనంతపురంలో నర్సింగ్ చదువుతానన్న ఏడాది, ఆమె పోయింది. రెండేళ్ళకు సెలవు మీద రావలసింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి ముసలామె మంచాన పడింది, 'నువ్వు పోతే నన్నెవరు చూస్తార'ని చెయ్యి పట్టుకుంది. ఇంకో రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆ నాలుగేళ్ళలో కుళ్ళాయప్పకు మిగిలిన ఊరట ఒక చేతిగడియారం. కువైట్ నుంచి వస్తున్న ఒకామె చేత చిన్నక్క పంపించింది. దాని ముళ్ళు అక్కడి టైము చూపిస్తూ వచ్చాయి. అతను వాటిని తిప్పలేదు. పొద్దున చేనికి పోతూ మణికట్టు చూసుకుని 'ఇంగా లేవలేదు' అనుకుంటాడు. మధ్యాహ్నం చూసి 'ఇప్పుడు ఆ ముసిలామెకు గంజి పోస్తాంటాది' అనుకుంటాడు. మన టైముకు రెండున్నర గంటలు కలుపుకోవాలని అతనికి బాగానే తెలుసు. కలిపీ కలిపీ అలవాటైపోయింది కూడా. చివరికి కొంప ముంచింది ఆ అలవాటే.

దానికి తోడు దూరం గురించి అతనికొక సిద్ధాంతం ఉండేది. నాలుగేళ్ళ కిందట చిన్నక్క బెంగుళూరులో తొమ్మిదింటికి ఎక్కింది. సాయంత్రం అతను ఫోను తెరిస్తే ఆమె గొంతు మెసేజి ఉంది: "పదకొండున్నరకు దిగినాను. బాగనే ఉండాను." తొమ్మిది నుంచి పదకొండున్నర! రెండున్నర గంటలు! కళ్యాణదుర్గం నుంచి బెంగుళూరు పోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. కువైట్ ఇంత దగ్గరా అని ఆ రోజు కొంచెం ధైర్యం కూడా వచ్చింది అతనికి. మొన్న వైశాఖంలో అమ్మ తిరుగు టిక్కెట్టును సుష్మ ఫోనులో పంపింది. అందులో ఎక్కేది రాత్రి రెండింటికి, దిగేది పొద్దున తొమ్మిదీ ఇరవైకి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఏడు గంటల ఇరవై నిమిషాలు!

ఇది అతనికి వింత అనిపించలేదు. వాళ్ళ ఊరు మిట్ట మీద ఉంది. కళ్యాణదుర్గం సంతకు బండి కడితే పోయేటప్పుడు అంతా పల్లమే, ఎద్దులు వాటంతటవే పోతాయి. వచ్చేటప్పుడు ములుగర్రకు పని. ఆకాశంలో మాత్రం దారి చదునుగా ఉండాలని ఎక్కడుంది?

"పోయేదానికి పల్లం, వచ్చేదానికి మిట్ట. అంతే!" అని టీ హోటలు దగ్గర తేల్చి చెప్పాడు. సుష్మ ఫోనులో ఒకసారి, "అట్ల కాదు నాయనా, టైములో తేడా. దూరం ఎట్ల పోయినా మూడున్నర వేల కిలోమీటర్లే" అని విడమరిచి చెప్పింది. ఊఁ అన్నాడు. ఊఁ అన్నంత మాత్రాన నమ్మాలని లేదు కదా. పైగా పోవడం సులువు, రావడం కష్టమన్నది నాలుగేళ్ళుగా కళ్ళారా చూస్తున్నవాడు.

టిక్కెట్టు బుధవారానికి. వాన ఆదివారం సాయంత్రం పడింది.

అదీ మామూలు వాన కాదు. మబ్బుల్ని చూపించి ఊరించి తరిమేసే ఆషాఢపు గాలి ఆ పూటకు ఎందుకో పడుకుంది. రెండు గంటలు ఏకధాటిగా కురిసి ఎర్రనేల బాగా తడిసింది. విత్తడానికి సరిపడా తేమ దిగితే పదును అయిందంటారు. ఆ ఎర్రనేలల్లో పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. గాలి లేస్తే అదీ లేదు. సోమవారం పొద్దెక్కేసరికి ఊళ్ళో ఉన్న విత్తనం వేసే గొర్రులన్నీ కదిలాయి. వేరుశనగ విత్తనాల మూటలు చేలకు చేరాయి. కుళ్ళాయప్ప మూట మాత్రం ఇంట్లోనే ఉంది.

"ఏమప్పా, ఎద్దులు తోలకరమ్మంటావా?" అని పక్క చేను నారాయణప్ప వచ్చాడు. ఎద్దులూ గొర్రూ అతనివే.

"బుధవారం సూద్దామన్నా. చిన్నక్క వస్తాండాది. ఆయమ్మ చెయ్యి మంచిది."

"చెయ్యి మంచిదైతే పదునుకేం తెలుస్తాదప్పా? అది ఆగుతాదా?"

విత్తు పోసే తిమ్మక్క కూడా చేతులు కడుక్కుని వాకిట్లోకి వచ్చింది. వయసులో పెద్దది, ఎవరినైనా ఏమైనా అనగలదు. "ఏమిరా కుళ్ళాయా, నాలుగేండ్లు నా చెయ్యి పనికొచ్చె, ఈ తూరి పుచ్చిపోయెనా?" అని నిలదీసింది. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటూ ఇద్దరూ వెళ్ళిపోయారు.

మంచి చెయ్యి మాట పైకి చెప్పుకునేది. లోపలి మాట వేరు. ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. గొర్రు వెంట నడుస్తూ విత్తు పోసిన చెయ్యే, పంటకొచ్చినప్పుడు మొదటి చెట్టు పెరకాలి. కాయ పెరికేదాకా ఆ చెయ్యి దూరదేశం పోకూడదు. పోతే చేను అలుగుతుంది. ఎవరు పెట్టారో తెలియదు గానీ ముసలీ ముతకా నుంచి సెల్‌ఫోను పిల్లల దాకా ఎవరూ ఇది దాటరు. చిన్నక్క ప్రతి ఏడూ తన చేత్తోనే పోసేది. ఆమె ప్రయాణానికి రెండు రోజుల ముందు కూడా ఇట్లాగే వాన పడింది. గొర్రు కట్టి పిలిస్తే ఆమె గట్టు దిగలేదు.

"నేను ముట్టనప్పా. ముడితే పోలేను" అంది. అప్పుడు ఆమెకు బదులు తిమ్మక్క విత్తనాల ఒడి కట్టుకుంది.

ఆ మాట అతను నాలుగేళ్ళుగా మోస్తున్నాడు. ఇప్పుడు ఆమె సెలవు మీద వస్తోందో, పని ముగించుకుని వస్తోందో అతనికి తెలియదు. ఫోనులో అడగవచ్చు. రోజూ నోటిదాకా వచ్చేది. అడిగితే నలభై రోజుల్లో మళ్ళీ పోతానంటుందేమోనని భయం. అందుకని కుళ్ళాయప్ప తన తెలివినంతా కూడగట్టి ఈ ఎత్తు వేశాడు. దిగీ దిగగానే ఆమెను చేనికి తెచ్చి ఒక్క సాలు పోయిస్తే చాలు. ఇక నాలుగు నెలలు ఎన్ని విమానాలు ఎగిరినా అవి ఆకాశంలోనే పోతాయి. నాలుగు నెలల్లో మనిషి మనసు మారకపోతుందా?

సోమవారం మధ్యాహ్నానికి గాలి లేచింది.

గాలి లేచిన దగ్గర్నుంచి అతను కాలుగాలిన పిల్లి అయ్యాడు. గంటకొకసారి చేనికి పోయి మడమతో మట్టి తవ్వి, వేళ్ళు దించి తడి ఎంత లోతున ఉందో కొలిచేవాడు. సోమవారం సాయంత్రం ఒక వేలి మందం కిందే తగిలింది. మంగళవారం పొద్దున రెండు వేళ్ళు, సాయంత్రానికి రెండున్నర. నాలుగు వేళ్ళు దాటితే గొర్రు అందదు, విత్తు పొడిమట్టిలో పడి చీమల పాలవుతుంది. చుట్టూ చేలల్లో సాళ్ళు తీరి ఉన్నాయి. మధ్యలో తన మూడెకరాలు బోడిగా ఉన్నాయి. 'ఏడాది పంటను ఆడదాని మీద పందెం కాస్తాండా' అని తనను తాను తిట్టుకున్నాడు. అయినా మూట విప్పలేదు.

బుధవారం తెల్లవారి మూడు వేళ్ళు. నారాయణప్ప ఇంటికి పోయి, "మధ్యాహ్నం మూడుకంతా వచ్చేస్తాము. ఎద్దులు సిద్ధంగా పెట్టన్నా" అని బతిమాలుకున్నాడు.

కళ్యాణదుర్గం నుంచి ఆంజి బాడుగ కారు తెచ్చాడు. "ఎన్నింటికి దిగుతాది మామా?"

"పదకొండూ యాభైకి" అన్నాడు కుళ్ళాయప్ప చటుక్కున. చిన్నక్క అక్కణ్ణుంచి వస్తోంది, టిక్కెట్టు అక్కడ తీసింది, కాబట్టి తొమ్మిదీ ఇరవై అంటే అక్కడి తొమ్మిదీ ఇరవై. మనకు రెండున్నర గంటలు కలపాలి. ఏడు గంటల మిట్ట ప్రయాణం లెక్క కూడా దానికి సరిపోయింది. ఇంత తిరుగులేని లెక్క చేసి చూపించినందుకు అతనికి లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఎనిమిదికి బయల్దేరారు. ఆ తొందరలో ఫోను గూట్లో చార్జింగులోనే ఉండిపోయింది. పెనుకొండ దాటాక జేబు తడుముకున్నాడు. వెనక్కి తిప్పితే విమానం అందదు.

"నువ్వు ఊరికే కూచో మామా. సీటు విరిగేట్టుండాది" అని ఆంజి రెండుసార్లు అన్నాడు. బాగేపల్లి టోలుగేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉంటే కుళ్ళాయప్ప కారు దిగి ముందుకు నడిచాడు, నడిస్తే తొందరగా పోతామన్నట్టు. అట్లా రోడ్డు మీద నిలబడి ఎదురు దిక్కు బండ్లను కూడా చూశాడు. కొన్నింటి నెత్తిన తాళ్ళతో కట్టిన పెద్ద పెద్ద పెట్టెలున్నాయి. ఎవరో అదృష్టవంతులు ఇళ్ళకు పోతున్నారనుకున్నాడు.

పదకొండూ నలభైకి విమానాశ్రయం చేరారు. బయటికొచ్చే తలుపు ఎదురుగా కంచె పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచాడు. పన్నెండు దాటింది. పన్నెండున్నర దాటింది. బూట్లవాళ్ళు, సూట్లవాళ్ళు, నిద్రపోతున్న పిల్లల్ని భుజానేసుకున్న తల్లులు వచ్చారు. చిన్నక్క రాలేదు. నాలుగేళ్ళలో మనిషి మారిపోయి తానే గుర్తుపట్టలేదేమోనన్న అనుమానం పుట్టింది. కంచె ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు. ఒకటింబావుకు, సామాను బండ్లు తోసుకుపోతున్న ఒకతన్ని ఆపాడు. చొక్కా మీది బిళ్ళలో జోయల్ అని ఉంది. మాట్లాడితే హిందూపురం వాడు.

"కువైట్ విమానం యాడప్పా?"

"అది తొమ్మిదీ ఇరవైకే దిగిపాయ కదన్నా!"

"తొమ్మిదీ ఇరవై అంటే... వాళ్ళ టైమా, మన టైమా?"

జోయల్ బండి ఆపి అతని ముఖంలోకి చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. "ఎక్కేది వాళ్ళ టైము. ఈడ దిగినాక ఈడి టైమే కదన్నా. మద్దెలో అయిదు గంటలకు కొంచెం తక్కువ. అంతే."

కుళ్ళాయప్ప మణికట్టు చూసుకున్నాడు. ముళ్ళు పదీ ముప్పావు చూపిస్తున్నాయి. నాలుగు గంటలైంది ఆమె దిగి. నాలుగేళ్ళ తర్వాత ఈ తలుపులోంచి బయటికొచ్చి ఈ కంచె వెంబడి ఒక్కొక్క ముఖమూ వెతికి ఉంటుంది. తన ముఖం లేదు. లోపలా బయటా, మరుగుదొడ్ల దగ్గరా, బస్సుల దగ్గరా, చెట్ల కిందా గాలించాడు. ఆంజి ఫోనులోంచి తన ఫోనుకే చేశాడు. తన నంబరు తప్ప ఇంకొకటి నోటికి రాదు మరి. గూట్లో అది మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు.

"బస్సులో ఇంటికే పోయింటాది మామా. యాడికి పోతాది?" అన్నాడు ఆంజి.

"తిరిగి పోయినా పోయింటాదిరా."

"విమానమేమన్నా ఆటోనా, ఎక్కి తిరిగి పోయేదానికి!"

వచ్చేదారిలో కుళ్ళాయప్ప చేసిన గోల ఆంజి ఇప్పటికీ కథలుగా చెబుతాడు. అద్దం దించమన్నాడు, ఎత్తమన్నాడు, ముందు సీటు కావాలన్నాడు, మళ్ళీ వెనక్కి మారాడు. దారి పొడుగునా చెట్లు ఒకే దిక్కుకు వంగి ఊగుతున్నాయి. ఎండ పట్టపగ్గాల్లేకుండా కాస్తోంది. ఈ గాలికి, ఈ ఎండకు నాలుగు వేళ్ళు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పదునూ పాయ, మనిషీ పాయ అని పైకే అనేశాడు. అతని తెలివి మీద అతనికే అసహ్యం వేసింది. ఒక్క మాట అడిగే ధైర్యం లేక ఎత్తులు వేసినవాడికి ఇంతకంటే ఏం జరుగుతుంది?

అయిదవుతుండగా ఊరు చేరారు. అరుగు మీద తాళ్ళు కట్టిన రెండు పెట్టెలున్నాయి. వాటి మీద పెద్ద అక్షరాలతో చిన్నక్క పేరు, ఊరి పేరు. తలుపు తీసే ఉంది. లోపల గూట్లో ఫోను వెలుగుతూ ఆరుతోంది. విత్తనాల మూట ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది.

అతను చేనికి పరుగెత్తాడు.

గట్టు మీద తెల్ల బూట్లు ఒక జత వరసగా విడిచి ఉన్నాయి. చేనులో నారాయణప్ప ఎద్దుల్ని తోలుతున్నాడు. గొర్రు వెనక కొత్త చూడీదారు మీదనే పాత చీర చింపి ఒడి కట్టుకుని, పిడికిలి పిడికిలిగా విత్తు పోస్తూ చిన్నక్క నడిచి వస్తోంది. కొంచెం ఒళ్ళు చేసింది. కణతల దగ్గర నెరిసింది. నడక మాత్రం అదే, తొందర లేని నడక. అప్పటికే ఎకరన్నర తీరి ఉంది.

సాలు చివరకు వచ్చాక ఆమె తలెత్తింది. "యాడికి పోయినావప్పా?"

"నిన్ను పిల్సుకోని రావల్లని..."

"గంటసేపు సూస్తి. ఒగాయమ్మ ఫోను అడిగి చేస్తే నీది మోగతానే ఉండాది. బస్సు పోయినాక స్టాపుకు వచ్చే మనిషివి, నీ సంగతి నాకు తెల్దా? ఈ దిక్కుకు వచ్చేవాళ్ళు కారు మాట్లాడుకుంటాంటే ఎక్కేస్తి. దావంతా నేల తడిసి ఉండాది. ఈడకొచ్చి సూస్తే మన చేనొకటే బోడిగా ఉండాది."

నారాయణప్ప ఎద్దుల్ని ఆపి మూతి తుడుచుకున్నాడు. "మిట్ట మీద అరెకరం ఆరిపాయ. పల్లం చెక్క ఇంగా పట్టుకోని ఉండాది. వెలుతురుండంగానే అయిపోతాది లే."

కుళ్ళాయప్ప కాలితో ఒక మట్టిగడ్డ చిదిమాడు. "అయిదు గంటలేనంట గదా" అన్నాడు.

"ఏంది?"

"వచ్చేదానికి."

"పోయేదానికీ అంతే" అంది చిన్నక్క. అప్పుడు ఆమె కళ్ళు అతని మణికట్టు మీద పడ్డాయి. దగ్గరికొచ్చి మట్టి చేత్తోనే ఆ చెయ్యి తిప్పి చూసింది. "ఇదేంది, ఇంగా ఆడి టైములోనే పెట్టుకోనుండావు?"

"నువ్వు ఆడ ఉంటివి కదా."

ఆమె అతని చెయ్యి వెంటనే వదల్లేదు. నారాయణప్ప అటు తిరిగి ఎద్దుల గంగడోళ్ళు నిమరడం మొదలుపెట్టాడు. కుళ్ళాయప్ప నాలుగేళ్ళుగా అడగనిది, దేనికోసం మూడు రోజులుగా పదునును పణంగా పెట్టాడో ఆ మాట, ఇప్పుడు కూడా నేరుగా నోటికి రాలేదు. ఒడిలోని విత్తనాల వైపు చూస్తూ అడిగాడు.

"ఎరికుండే పోసినావా?"

"పోయిన తూరి ముట్టనన్నది నేనే కదప్పా" అంది చిన్నక్క. "ఎరిక లేక పోస్తానా?"

మాట ముగించి ఒడి సర్దుకుని గొర్రు దగ్గరికి వెళ్ళింది. నారాయణప్ప ఎద్దుల్ని అదిలించాడు. కుళ్ళాయప్ప కళ్ళు తుడుచుకుని, తెల్ల బూట్ల పక్కన గట్టు మీద కూలబడ్డాడు.

"ఏమప్పా, ఎద్దులు నువ్వు తోలవా?" అని నారాయణప్ప కేకేశాడు. కుళ్ళాయప్ప చెయ్యి ఊపాడు గానీ లేవలేదు. చేను అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.